గంటసేపు అడ్మిన్

మార్చి 4, సోమవారం

తోడికోడలు, అదే మా మరిది పెళ్లాం, మా ఆఫీసులోనే చేరింది. మా టీమ్‌లోనే. టీమ్ అంటే ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే. ఇప్పుడు నా పక్క సీటు ఆ పిల్లది. ఒకే ఇంట్లో ఉండడం చాలదన్నట్టు.

పదకొండేళ్లుగా ఈ కంపెనీలో ఎవరు ఏ ఫైలు తెరవచ్చో, ఎవరు తెరవకూడదో తేల్చేది నేను. అందరి లాగిన్లనూ క్లౌడ్ డైరెక్టరీకి మార్చిందీ నేనే. దాని సర్టిఫికెట్ పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాను. ఆ పిల్ల మొదటిసారికే పాసైంది. ఆ సంగతి అత్తగారు మేడమీద వాళ్లకి కూడా చెప్పొచ్చారు.

మార్చి 5

మేనేజర్ ఆ పిల్లకీ నాలాగే అన్ని అధికారాలుండే అడ్మిన్ రోల్ ఇమ్మన్నాడు. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 6

ఇచ్చాను. నాకున్నట్టు శాశ్వతంగా కాదు. పని పడ్డప్పుడల్లా రిక్వెస్ట్ పెట్టుకోవాలి, గడిలో కారణం రాయాలి, నేను అప్రూవ్ చేయాలి. చేసినా గంటసేపే. తర్వాత దానంతటదే ఊడిపోతుంది. ఎందుకలా అని మేనేజర్ అడిగితే, సెక్యూరిటీ అన్నాను. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.

మార్చి 12

ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయారని పొద్దున్నే రిక్వెస్ట్ పెట్టింది. చూసీ చూడనట్టు కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి చేతులు కట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఏమన్నా అంటుందేమోనని చూశాను. ఛార్జర్ ఒకసారి ఇస్తావా అక్కా అని అడిగింది, అంతే.

మా ఆయనతో చెప్పుకుంటే, చిన్నపిల్లతో నీకు పోటీ ఏమిటని నవ్వాడు. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

మార్చి 14

అత్తగారు కొత్త ఫోన్ కొనుక్కున్నారు. సెట్ చేయమని పిలిచింది నన్ను కాదు.

మార్చి 20, మధ్యాహ్నం

ఎవరికి ఏ అధికారాలున్నాయో తనిఖీ చేయడానికి ఆడిటర్ వచ్చాడు. ముందు ఆ పిల్ల అకౌంట్ తెరిచాడు. ఈ మనిషినెందుకింత బిగించారని అడుగుతాడనుకున్నాను. పద్ధతంటే ఇలా ఉండాలి, ఎవరు పెట్టారిది అన్నాడు. మేనేజర్ నన్ను చూపించాడు. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు ఆ పిల్లే కొట్టింది.

తర్వాత నా అకౌంట్ తెరిచాడు. రాత్రీ పగలూ సర్వాధికారాలు ఒక్క మనిషి దగ్గరుండడమేమిటన్నాడు. నా పాస్‌వర్డ్ ఒక్కటి దొంగల చేతిలో పడితే కంపెనీ మొత్తం పోయినట్టేనట.

సాయంత్రం

నా శాశ్వత అడ్మిన్ పోయింది. నేను పెట్టిన నియమం ఇకనుంచి నాకూనట. ఎవరి రిక్వెస్ట్ వాళ్లే అప్రూవ్ చేసుకోకూడదు కాబట్టి, నాది ఆ పిల్ల చేయాలట. ఇదంతా మేనేజర్ నాకేదో సన్మానం చేస్తున్నట్టు చెప్పాడు.

బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఇంట్లో ఎటూ వెనకబడిపోయాను. నాదంటూ ఉన్నది ఇదొక్కటే.

మార్చి 21

ఏ పనీ చేయలేదు. పనులున్నాయి, ఆ పిల్లని అడగడం ఇష్టం లేదు. ఏమన్నా అప్రూవ్ చేయాలా అక్కా అని తనే రెండుసార్లు అడిగింది. అక్కర్లేదన్నాను.

మార్చి 22

రిక్వెస్ట్ పెట్టాను. కారణం గడిలో, నువ్వంటే కుళ్లు అని రాశాను. పంపేశాను.

పక్క సీట్లో కీబోర్డు చప్పుడు ఆగింది.

అప్రూవ్ చేసింది.