అన్న పేరున్న చొక్కా

టాలియా తల్లీ,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే ఏమనుకోకు.

లాకప్పులో పోయిన మీ అన్న సమాధికి రాయి వేయించమని నేనిచ్చిన డబ్బుతో, బ్రిస్బేన్‌లో న్యాయం కోసం చేసే ఊరేగింపుకి వాడి పేరూ బొమ్మా ఉన్న చొక్కాలు కుట్టించావట. మీ డల్సీ అత్త మండిపడింది. "మనబోటి ఆదివాసులం పోయినవాళ్ల పేరెత్తం కదా, ఎత్తితే వాళ్లకి నిమ్మళం ఉంటుందా నాన్నా? నీ మనవరాలికి ఆ మాత్రం నేర్పలేదా?" అంది.

"మనం నోరు మూసుకుంటే తెల్లోళ్లు వాణ్ణి ఊరికే మరిచిపోతారు తాతా" అని నువ్వు ఫోనులో అన్నావు.

రాయి తర్వాత వేయిద్దాం. ఊరేగింపుకి నేనూ వస్తాను. నాకూ ఒక చొక్కా పంపు. పేరు బయటికి కనబడకుండా తిరగేసి తొడుక్కుంటాను. వాడి పేరు నా గుండెకి ఆనుకుని ఉంటుంది.

అలా వస్తే నీకు నామోషీ కాదు కదా? తొందరగా జవాబు రాయి.

మీ తాత