నీళ్ళ గొట్టంలో గీత

ఆగస్టు 2006, మంగళవారం రాత్రి

ల్యాబ్‌కు రక్తంలో క్రిమి జాడ పట్టే పీసీఆర్ మెషీన్ వచ్చాక ఎలుక జ్వరం సంగతి ఒక్కపూటలో తేల్చేస్తామని డాక్టర్లందరికీ గొప్పలు చెప్పింది నేనే. ఇవాళ బాగా శాస్తి జరిగింది.

చాంద్రాయణగుట్టలో డ్రైనేజీ పని చేసే యాదగిరి రక్తంలో ఆ క్రిమి ఉన్నట్టు గీత వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే పక్కన చూశాను. సరిచూసుకోవడానికి రక్తం బదులు ఉత్త నీళ్ళు పోసిన గొట్టంలోనూ అదే గీత! నీళ్ళకు జ్వరమేమిటి? ఎక్కడో క్రిమి ఉన్న చుక్క కలిసిపోయింది. ఇక అతని గీతనూ నమ్మడానికి లేదు.

బయట అతని భార్య లక్ష్మి నిలబడి ఉంది. అతనికి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం ఆగిపోయింది.

"ఎలుక జరమేనా అక్కా? గదైతే మందున్నదంట. అవునని చెప్పక్కా, నీ కాళ్లు మొక్కుత."

"ఇంకా తేలలేదమ్మా."

"మెషీన్ల జల్ది తెలుస్తదంటిరి గద!"

డాక్టర్‌కు ఫోన్ చేశాను. "ఎలుక జ్వరానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టేశాను. అది కాకపోతే మాత్రం ఇంకేదో వెతకాలి. అంత టైమ్ అతనికి లేదు" అన్నారు.

మందు పడ్డాక తీసే రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చు; ముందు తీసినదాంట్లో మిగిలిన రక్తం ఇంకొక్క పరీక్షకే వస్తుంది. పొద్దున్నే బల్లంతా కడిగి, కొత్త నీళ్ళతో మళ్ళీ పెట్టాలి. నీళ్ళ గొట్టంలో గీత రాకూడదు. యాదగిరి గొట్టంలో రావాలి.

ఒక మనిషికి రోగం ఉండాలని ఇందాక దేవుడి ముందు నిలబడి మొక్కుకున్నాను. ఈపాటికి వార్డు మెట్ల మీద కూర్చుని లక్ష్మి కూడా అదే మొక్కుతూ ఉంటుంది.