తెల్లగోడల నంబరు

1971 మార్చి 2, మంగళవారం
కెమెరా ఫ్యాక్టరీలో లెన్సులు బిగించే లైను నుంచి నన్ను టెస్ట్ రూముకు మార్చారు. పని: కుర్చీలో కూర్చుని మొహం మీద ఫ్లాష్ కొట్టించుకోవడం. మీటరు దూరం నుంచి అయిదు మీటర్ల దాకా. ఈ కొత్త కెమెరాలో దూరం రింగు తిప్పితే లెన్సు కన్ను దానంతటదే పెద్దదో చిన్నదో అవుతుంది. ఫ్లాష్ బలం ఎంతో చెప్పే గైడ్ నంబరు ఒక్కటి ముందుగా పెట్టుకుంటే చాలు. మా నంబరు 24. టెస్ట్ రూము చీఫ్ హమా గారు దాన్ని కన్నకూతురి పేరు పలికినట్టు పలుకుతారు.

మార్చి 5
ఈ రోజు 140 ఫ్లాష్‌లు. సాయంత్రం ఫ్యాక్టరీ పక్కనున్న సువా సరస్సు మీద కూడా ఊదారంగు మచ్చలే కనిపించాయి.

మార్చి 14, ఆదివారం
నాయనమ్మకు ఎనభై ఎనిమిది నిండాయి. కొండ ఊళ్లో మా పాత ఇంట్లో విందు. ఎర్ర చిక్కుడుగింజల అన్నం, చేపల పులుసు. పొయ్యి పొగకు దూలాలూ గోడలూ ఎప్పుడో మసిబారిపోయాయి. హమా గారిని అడిగి తెచ్చిన కెమెరాతో ముప్పై ఆరు ఫొటోలు తీశాను. నంబరు 24.

మార్చి 17
ప్రింట్లు వచ్చాయి. అంతా గుహలా ఉంది. నాయనమ్మ తెల్లజుట్టు ఒక్కటే గాలిలో తేలుతోంది.

హమా గారికి చూపించాను. ఫోకస్ సరిగ్గా పెట్టి ఉండవన్నారు. పెట్టానన్నాను. బ్యాటరీలు పాతవేమో అన్నారు. కొత్తవే. చివరికి, "మీ నాయనమ్మ ఎండలో పనిచేసిన మనిషి కదమ్మా, మొహమే నలుపేమో" అన్నారు.

22న కెమెరాతో పాటు ఇచ్చే వాడకం కాగితాలు ప్రింటుకు వెళ్తాయి, ఆ 24తోనే. ఎనభై ఎనిమిదో పుట్టినరోజు ఎవరికైనా ఒకసారే వస్తుంది. ఆ కాగితాన్ని నమ్ముకుని ఎన్ని ఇళ్లలో ముసలివాళ్లు చీకట్లో కలిసిపోతారో.

మార్చి 18
తప్పు చేశాను. హమా గారి మాట ఫోనులో నాయనమ్మకు చెప్పేశాను.

మార్చి 19, మధ్యాహ్నం 12:40
నాయనమ్మ మొదటి బస్సుకే దిగింది. విందు రోజు కట్టిన కిమోనోలోనే. గేటు దగ్గర గార్డుకు ఊరగాయ డబ్బా ఇచ్చి తిన్నగా టెస్ట్ రూముకు వచ్చేసింది. "ఏం నాయనా, నా మొహం నలుపన్నది నువ్వేనా?" అని అడిగింది. హమా గారు నాలుగుసార్లు వంగి దండం పెట్టారు. నాయనమ్మ నా కుర్చీలో కూర్చుని, "ఊఁ, కొట్టు" అంది.

సాయంత్రం 4:15
ముడతలు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా వచ్చింది ఫొటో. అదే నాయనమ్మ, అదే కెమెరా, అదే నంబరు.

హమా గారు ప్రింటు చూశారు. తర్వాత గోడల వైపు చూశారు. అన్నీ తెల్లగోడలు. రెండేళ్ల కింద ఆయనే దగ్గరుండి వేయించిన సున్నం. "ఫ్లాష్ వెలుగు ఈ గోడలకు తగిలి మళ్లీ మొహం మీదకే వస్తోందండీ. మా ఇంట్లో గోడలు దాన్ని మింగేస్తాయి" అన్నాను.

"నలుపు నా ఇల్లు నాయనా, నేను కాదు. ముందే అడిగుంటే చెప్పేదాన్ని కదా" అంది నాయనమ్మ.

మీ ఊరికి బస్సు ఎన్నింటికని హమా గారు అడిగారు.

మార్చి 20, శనివారం
బస్సులో కాదు, ఫ్యాక్టరీ వ్యానులోనే వెళ్లాం. నాయనమ్మ పట్టుబట్టి చుట్టాలందరినీ మళ్లీ పిలిపించింది, అవే బట్టల్లో. పొయ్యి పక్కన 24, 22, 20, 18 వరసగా తీశాం. మధ్యలో హమా గారి చేత మూడు గిన్నెల సోబా నూడుల్స్ తినిపించింది. వద్దంటే ఊరుకోదు.

ఫ్యాక్టరీకి తిరిగి వచ్చి ఫిల్ము కడిగాం. 20 దగ్గర అందరి మొహాలూ వెలిగాయి. నాయనమ్మది అన్నిటికంటే.

వాడకం కాగితం ప్రూఫు మీద 24ను హమా గారే కొట్టేశారు. తర్వాత రాశారు: "ఇళ్లలో 20. గోడలు తెల్లగా ఉంటే 24." అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని నాకిచ్చారు.

ఏప్రిల్ 6
టెస్ట్ రూము గోడలకు నల్ల తెరలు వచ్చాయి. కుర్చీలో నా బదులు బట్టల షాపు బొమ్మ. దానికి నా పేరే పెట్టారు. కెమెరా నా చేతికిచ్చారు.

"కినుయె, కదలకు" అన్నాను. కదల్లేదు.