తోట రాయించుకున్నాడు

మార్చి 3, సోమవారం
దొరికింది! యూనివర్సిటీ నుంచి వస్తూనే మనవరాలు చిన్ని అరిచింది — తాతా, మోరిస్ దీవిలో, అదే మారిషస్‌లో, నీ చెరుకుతోట ఉంది, నువ్వు చెప్పిన పేరే. మాయమ్మ అనేది: "మీ ముత్తాత మోరిస్‌లో తోట రాయించుకున్నాడురా." డెబ్బై ఏళ్లుగా చెప్తన్నా. నవ్వినోళ్లే అందరూ. నవ్వండి ఇప్పుడు.

మార్చి 4
కంప్యూటర్లో మోరిస్ వాళ్ల గుంపు ఒకటుందంట. "ఆ తోట మాదే అని రాయి" అన్నాను. "తాతా, ఆర్ యు షూర్?" — నన్నే అడగతాది!
రాసింది.

మార్చి 6
జవాబొచ్చింది! ఒక మోరిస్ ముసలామె, పేరు మరీ అంట. ఇక్కడే, ఈ దేశంలోనే, మా ఊరి అవతలి కొస డాండెనాంగ్‌లో. వాళ్ల తాతలకి తాతమ్మని ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చి ఆ తోటకే అమ్మేశారంట. ఫోన్లో ఆమె అన్నది చిన్ని తెలుగులో చెప్పింది — "మా వాళ్లని కొన్నది మీ వాళ్లేనా? ఆదివారం వస్తాను. మీ మొహం చూడాలి."
రమ్మను. దొర ఇంటికి చుట్టం. గారెలకి పప్పు నానబెట్టమన్నాను కోడల్ని.

మార్చి 7
చిన్ని పాత కాయితాలు తెప్పించి చదివింది. దొర ఇంగ్లీషోడు. లండన్‌లో కూచున్నాడు, దీవి మొహం చూసిన పాపాన పోలేదు. మేనమామ చస్తే కలిసొచ్చింది — తోట, తోటతో అప్పులు. ఆస్తి వరసగా రాశారు: కంచరగాడిదలు, రాగి డేగిసాలు, మనుషులు.
"రోజలీ, పన్నెండేళ్లు." మరీ వాళ్ల తాతమ్మ.
డేగిసాల కింద... పిల్ల.
మా ముత్తాత పేరు లేదు. తర్వాత కొన్నాడేమో.

మార్చి 8
ఉంది! ఇంకో కాయితంలో. బానిసల్ని వదిలేశాక దొర కొడుకు మన రేవుల్లో కూలీల్ని ఎక్కించుకున్నాడంట. "అప్పన్న, అయిదేళ్లకి." ఊరు మాదే. సంతకం లేదు, ఇంటూ గుర్తు.
తోట రాయించుకోలేదు. తోటకి రాయించుకున్నాడు. కూలీగా. ఒక్క "కి" — మాయమ్మ నోట్లో జారిందో, ఆమె అత్త నోట్లోనో. ఒక్క అక్షరం లేక ఇన్నాళ్లూ దొరనై తిరిగాను. మా ఇంటికాడి టార్నీట్ పార్కులో ఒక్క ముసలాణ్ణీ చెప్పకుండా వదల్లేదు.
"ఐ విల్ టెల్ హర్, తాతా."
నోర్ముయ్. అన్నది నేను. చెప్పేదీ నేనే.
సిగ్గే... అయినా కూచోలేకపోతన్నా. అప్పన్న ఉన్నాడు! నిజం మనిషి! అయిదేళ్లు చెరుకు నరికి, బతికి ఇంటికొచ్చాడు. ఏ దొర చేశాడా పని?

మార్చి 9, ఆదివారం
గెడ్డం గీసుకున్నాను. చిన్ని దగ్గర ఇంగ్లీషు ముక్క నేర్చుకున్నాను, "మై పీపుల్, కూలీ." పదిసార్లు అన్నాను. కూలీ కాడ నోరు ఆగతాది. ఆ తర్వాత రోజలీ గురించి ఏమనాలో చిన్నికీ తోచలేదు.
కారు ఆగింది. పొడుగాటి మనిషి దిగింది, మరీ. నవ్వడం లేదు.
"తాతా, కమ్!"
వస్తన్నా... ముందు దండం ఎవరు పెట్టాలి —