గోడ మీది ఫార్మసిస్టు

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బీపీ మాత్రల కోసం మా వీధి చివరి మందుల షాపుకు వెళితే గోడ మీద ఫ్రేములో నువ్వు కనిపించావు. పోయావేమో అనుకున్నాను. పక్కనే నీ సర్టిఫికెట్టు, కింద ‘ఈ షాపు ఫార్మసిస్టు’ అన్న అక్షరాలు చూసి తేరుకున్నాను. “మేడం ఏరి?” అంటే “ఇప్పుడే భోజనానికి వెళ్లారండీ” అన్నాడు షాపాయన. సాయంత్రం వెళ్లాను. భోజనమే. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అప్పుడూ భోజనమే.

పెదనాన్న ఉండే వీధిలోనే పనిచేస్తూ ఒక్కసారి గడప తొక్కవా? మీ నాన్న వద్దన్నాడు కాబోలు. నిన్ను ఫార్మసీ చదివించమన్నది నేను. “పుస్తకాలు చదివి అన్నయ్య చెడ్డాడు, ఇప్పుడు పిల్లనీ చెడగొడుతున్నాడు, ఈ చదువుకు ఉద్యోగం ఎక్కడుంది?” అని పదిమందిలో అన్నది వాడు. నీ బస ఎక్కడో తెలియక ఈ ఉత్తరం వాడింటికే రాస్తున్నాను. ముందు వాడే విప్పుతాడు. విప్పనీ. నెమ్మదిగా చదువుకోమను.

ఇట్లు,
గెలిచిన పెదనాన్న

తా.క. రోజంతా భోజనం చేసేదానివి, ఫోటోలో అంత బక్కగా ఉన్నావేం?

*

పెదనాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడే, నాన్న దగ్గరే ఉన్నాను. ఆ షాపు మొహం కూడా చూడలేదు. మందుల షాపు నడపాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఉండాలి. మనిషి బదులు సర్టిఫికెట్టుతో సరిపెట్టుకుంటారు. నాది ఒక బ్రోకరు ద్వారా అద్దెకిచ్చాను. నేను మాత్రం ట్యాక్సీ కంపెనీలో ఫోనులెత్తి “రెండు నిమిషాల్లో వచ్చేస్తుందండీ” అని రోజంతా చెబుతుంటాను. మా క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నవాడు బాత్‌రూమ్ టైల్స్ అమ్ముతున్నాడు.

ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రి ఫార్మసీలో ఒక ఖాళీ పడింది. ఇంటర్వ్యూలో ఒరిజినల్ సర్టిఫికెట్టు చూపించాలి. షాపాయన నా ఫోనెత్తడం లేదు. మీరేమో ఫోనే పెట్టుకోరు. దయచేసి నా సర్టిఫికెట్టు అడిగి తీసుకుని పంపండి. నా చదువుకు తగ్గ పని ఇదొక్కటే కనబడింది.

మీ అమ్మాయి

తా.క. మీ ఉత్తరం నాన్నే విప్పారు. నవ్వి, పక్కన పెట్టేశారు.

*

అమ్మాయికి,

అబద్ధమైనా అతికినట్టు చెప్పాలి. సర్టిఫికెట్టు అద్దెకివ్వడమేమిటి, అదేమన్నా సైకిలా? షాపాయనకు నీ ఉత్తరం చూపించాను. “అయ్యో, మేడం ఇందాకటిదాకా మీకోసమే చూసి వెళ్లారండీ” అన్నాడు. నాకంతా అర్థమైంది. నిన్ను నా వీధి నుంచి లాక్కుపోవడానికి మీ నాన్న వేసిన ఎత్తు ఈ ఆసుపత్రి. అందుకని సర్టిఫికెట్టు అడగలేదు. నీ జీతం పెంచమని అడిగాను. పాపం, వెంటనే ఒప్పుకున్నాడు.

రేపటినుంచి ఆ షాపులోనే స్టూలు వేసుకుని కూర్చుంటాను. నీ భోజనం ఎప్పటికి అవుతుందో చూస్తాను.

నీ మంచి కోరే పెదనాన్న

తా.క. నీ కడుపు బాగాలేదేమోనని అక్కడే గ్యాసు మాత్రలు కొని, నీకిమ్మని అక్కడే ఇచ్చి వచ్చాను.

*

పెదనాన్నగారికి,

కూర్చోండి. నేను రాను. ఇంటర్వ్యూ దగ్గరికొచ్చింది. ఒరిజినల్ లేకపోతే లోపలికే రానివ్వరట. ఎవరెవరికో కార్లు వస్తాయని చెప్పి చెప్పి ఇంటికొచ్చాక నాన్న మొహం చూడలేకపోతున్నాను. ఇంతకన్నా రాసే ఓపిక లేదు.

మీ అమ్మాయి

తా.క. ఆ కడుపు మందు పరగడుపునే వేసుకోవాలి. షాపులో చెప్పి ఉండరు.

*

అమ్మాయీ,

చెప్పలేదు. ఇన్నాళ్లు కూర్చుని చూశాను, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం అందాక ఆ స్టూలే ఎక్కి ఫ్రేము దించాను. “అయ్యగారూ, అది తీస్తే నేను షట్టరు దించుకోవాలండీ” అన్నాడు. “దించుకో” అన్నాను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

నీ పెదనాన్న

తా.క. ఈ ఉత్తరం మీ నాన్న విప్పకపోతే బాగుండు.

*

పెదనాన్నగారికి నమస్కారాలు.

దారిలో అద్దం పగిలింది గానీ సర్టిఫికెట్టు భద్రంగా అందింది. ఇంటర్వ్యూలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉద్యోగం ఇచ్చామన్నారు. నాన్న బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చెబితే పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. తర్వాత “అన్నయ్యే గెలిచాడని రాయి” అన్నారు. అందుకే రాస్తున్నాను.

మీ అమ్మాయి

తా.క. ఎప్పటినుంచి రమ్మంటారని అడగడానికి మళ్లీ లోపలికి వెళ్లాను. “మీరెందుకండీ రావడం, దీన్ని పోస్టులో పంపినా సరిపోయేది” అన్నారు. గోడకు మేకు అప్పటికే కొట్టి ఉంది. నాన్నకు ఇంకా చెప్పలేదు.