నాలుగు గళ్ళలో పడవ కథ

నాయనా పెద్దోడా,

నీకూ కోడలికీ పిల్లకీ అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ నాన్న బాగున్నారంటే అర్థం తెలుసుగా, కళ్ళజోడు నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతికిస్తున్నారు, దొరికాక నేనే దాచానంటున్నారు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు సతాయిస్తోంది, దిగేటప్పుడు కాస్త మాట వింటోంది. మా నాలుగో తరగతి పై అంతస్తులో ఉంది మరి. హెడ్మాస్టరు గారు కిందికి మారుస్తానని బడి తెరిచినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. నేను రిటైరయ్యేలోపు మారిస్తే గొప్పే. నువ్వు పట్టుకున్న ఆసుపత్రి వైరింగు పని ఎంతవరకూ వచ్చింది? నిచ్చెన మీద జాగ్రత్త. మీ నాన్న కూడా అదే చెప్పమన్నారు, కాకపోతే ఆయన వాడిన మాటలు ఇక్కడ రాయను.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. పిల్ల పాఠం గడగడా చదువుతుందనీ, రాయమంటే మాత్రం పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటుందనీ, నోట్సు నిండా బొమ్మలేననీ రాశావు. "నాలాగే మొద్దయ్యేట్టుంది. చిన్నప్పుడు నువ్వు నన్ను చేసినట్టే దీన్నీ కట్టడి చేస్తాను, ఏమంటావు?" అన్నావు. వారం రోజులుగా ఆ ఉత్తరం నా హ్యాండుబ్యాగులోనే తిరుగుతోంది. జవాబు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చింది, లేకపోతే గుర్తు తెచ్చుకున్నాను. ముందు మా బడి కబురు చెబుతాను. జవాబు అందులోంచే వస్తుంది.

మా పక్క సెక్షనుకి ఈ ఏడు ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. కోడలి వయసు ఉంటుంది. పాఠం అయ్యాక పిల్లల్ని వెంటనే రాయమనదు. తెల్లకాగితం మీద గళ్ళు గీసి ఇస్తుంది. ఒక గడిలో కథ ఎవరిదో, ఇంకోదాంట్లో వాళ్ళకేం కావాలో, తర్వాతి గడిలో ఏం అడ్డొచ్చిందో, ఆఖరి గడిలో చివరికేమైందో పెట్టాలి. గడికీ గడికీ మధ్య బాణాలు. మాటలైనా రాయొచ్చు, బొమ్మలైనా వేయొచ్చు. అవి నిండాక వాటిని చూసుకుంటూ వాక్యాలు రాయాలి. నేను ఊరుకుంటానా? "ఏమ్మా, కథలు రాయిస్తున్నావా, ఇళ్ళకి ప్లాన్లు గీయిస్తున్నావా?" అన్నాను, స్టాఫ్ రూములో అందరి ముందూ.

"మీ క్లాసులో ఒక్కసారి చేయించి చూడండి మేడమ్, బాగోలేకపోతే అప్పుడు తిట్టండి" అంది నవ్వుతూ.

తిట్టొచ్చు కదా అని ఒప్పుకున్నాను. మా క్లాసులో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఈ ఏడాదిలో ఎప్పుడూ రెండు లైన్లు దాటి రాయలేదు. ఆ అమ్మాయికీ కాగితం ఇచ్చాను. గడికొక్క మాట రాసి పెన్సిలు కింద పెట్టేసింది. చూశావా, నేను చెప్పలేదూ అనుకున్నాను. సంతోషం కూడా వేసిందిరా, సిగ్గు లేకుండా. "ఇంతేనా?" అనడిగితే, "గడి చిన్నది టీచర్, ఇంతే పట్టింది" అంది. గళ్ళు గీసింది నేనే, అగ్గిపెట్టెలంత. ఇన్నేళ్ళ సర్వీసులో కాగితం పొదుపు చేయడం ఒక్కటే బాగా వంటబట్టినట్టుంది నాకు. పాత క్యాలెండరు షీటొకటి తిరగేసి, గళ్ళు పెద్దవి గీసి ఇచ్చాను. మధ్యాహ్నం బెల్లు కొట్టినా ఆ అమ్మాయి లేవలేదు. మర్నాడు ఆ బొమ్మలూ మాటలూ చూసుకుంటూ పేజీన్నర రాసి, నిలబడి చదివింది. క్లాసంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులాడలేదు.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. నీకు గుర్తుందో లేదో, నాకు ఉంది. అప్పుడు నువ్వు నా క్లాసులోనే నాలుగో తరగతి చదువుతున్నావు. పడవవాడి పాఠం చెప్పి, కథ సొంతంగా రాయమన్నాను. అందరూ రాస్తున్నారు. నువ్వు పేజీ మీద నాలుగు గళ్ళు గీశావు. మొదటి గడిలో పడవ, రెండోదాంట్లో అడుగున చిల్లు, మూడోదాంట్లో మనుషులంతా చిల్లు లేనివైపుకి జరిగి కూర్చోవడం, నాలుగోదాంట్లో ఒడ్డు. మధ్యలో బాణాలు కూడా వేశావు. "రాయడానికే గీసుకుంటున్నానమ్మా" అన్నావు. బడిలో టీచర్ అనాలని అరిచాను. ఆ పేజీ చింపి, ఉండచుట్టి, నలభై మంది ముందు చెత్తబుట్టలో వేశాను. టీచరు కొడుకువై ఉండి నా పరువు తీస్తున్నావన్నాను. ఆ తర్వాత నువ్వు బొమ్మ వేయలేదు, రాయనూ లేదు. మావాడికి చదువు అబ్బలేదని అందరికీ నేనే చెప్పుకుంటూ వచ్చాను. కథంతా ఆ పేజీలోనే ఉంది నాన్నా. నాకే చదవడం రాలేదు.

ఇవాళ్టికీ నువ్వు గోడ తొలిచే ముందు దాని మీద పెన్సిలుతో గీతలు గీసుకుంటావు. ఏ లైటుకి ఏ స్విచ్చో నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదని మీ మేస్త్రీ నాతో అన్నాడు. అప్పుడైనా నాకు తట్టలేదు.

అందుకని నువ్వడిగినదానికి జవాబు ఇది. నేను చేసినట్టు చేయకు. పిల్లని బొమ్మలు వేయనీ. వేశాక పక్కన కూర్చుని, ఒక్కో బొమ్మ దగ్గర "ఇక్కడేమైంది?" అని అడుగు. అది చెప్పిందే రాయమను. వాళ్ళ టీచరు ఒప్పుకోకపోతే నా ఫోన్ నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇంకొక్క మాట. దాని ముందు నిన్ను నువ్వు మొద్దని చెప్పుకోకు. "మీ నాన్న ఏనాడూ మొద్దు కాదు" అని నాయనమ్మ రాసిందని దానికి చెప్పు, కావాలంటే ఈ ఉత్తరం దానికే ఇచ్చి చదివించు. నీకు తొమ్మిదో ఏట చెప్పాల్సిన మాట, ముప్పై ఆరో ఏట చెబుతున్నాను. నన్ను క్షమించరా.

ఇట్లు,
నీ పేజీ చింపిన
అమ్మ