చాప మీద రెండు కీబోర్డులు

నరసరావుపేట, 12-2-1988, శుక్రవారం రాత్రి.

మెట్లు హార్మణీలా వేలికి ఆనుతున్నాయని నేను ఏరికోరి కొన్న రెండో కీబోర్డును రేడియో మెకానిక్ మస్తాన్ ఈరోజు మిడి అనే కొత్తరకం తీగతో పాతదానికి కలిపాడు. ఒకటి నొక్కితే రెండూ పలికాయి.

"ఇక ఇనప స్టాండు మీద పెడదాం బాబాయ్. నిలబడి, జనం వైపు తిరిగి వాయించాలంట. రేపు మాచర్ల నాటకంలో కూర్చున్నావంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు నాటకాల కాంట్రాక్టరు" అన్నాడు.

నిలబడటమా! నా పెళ్ళిలోనే పురోహితుడు నన్ను లేవమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అయినా పద్యం పాడేవాడు రాగం ఎక్కడ దించుతాడో అతని గొంతు నరం చూస్తే తెలుస్తుంది. జనాన్ని చూస్తే ఎవరు ఆవలిస్తున్నారో తెలుస్తుంది, అంతే.

అందుకే చాప పరిచాను. హార్మణీ పెట్టె మీద ఒకటి, పీట మీద ఒకటి, రెండూ పాడేవాడి వైపు తిప్పి సర్దాను. వాయిస్తుంటే ఎడమచెయ్యి అలవాటుకొద్దీ లేని హార్మణీ తిత్తిని ఊపింది.

"ఏందయ్యా, దోమల్ని తోలుతున్నావా?" అంది మా ఆవిడ.

ఈ వయసులో నాటకాలు పోతాయేమోనని దిగులు లేకపోలేదు. అయినా రేపు చాపతోనే వెళ్తాను. నన్ను పంపెయ్యాలంటే కాంట్రాక్టరు ముందు నన్ను లేపాలి. ఆలోపే మొదటి పద్యం ఎత్తిస్తాను. పద్యం మధ్యలో హార్మణిస్టును లేపే మొనగాడు పల్నాట్లో ఉంటే, వాణ్ణీ చూస్తాను...